ఎవరి శనివారం

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. గాలికి మాట ఎగిరిపోతుంది, నా గొంతు అంత గట్టిది కాదు. నేను చాపలకు మొగలాకు చీలుస్తూ చెబుతాను, నేను చీల్చినవి నువ్వు చుట్టలు చుడుతూ విను. ఫోను మోగగానే అమ్మ ముఖం ఎందుకలా మాడ్చుకుంటుందని అడిగావు కదా. అది తెలియాలంటే నువ్వు చంకలో ఉన్న రోజుల సంగతి వినాలి.

ఆ ఇసుక మీది నాలుగు గుడిసెలూ అద్దెకిద్దామని మీ అమ్మ మాసినా పట్టుబట్టి కట్టించినవే. మీ నాన్న రొపాటి స్తంభాలు నాటాడు, నేను తెరలు అల్లాను. గోడల్లేని గుడిసె, ఒక పరుపు, దోమతెర, ముందు సముద్రం. బయటి దేశాల వాళ్ళకు అంతకంటే ఏం కావాలి అనుకున్నాం. ఏం కావాలో వాళ్ళకే తెలియదని తర్వాత తెలిసింది. పొద్దున వస్తామంటారు, మధ్యాహ్నానికి రామంటారు. మన దగ్గర వస్తానన్న మనిషి రాలేదంటే పడవ తిరగబడి ఉండాలి, లేదా ఇంట్లో శవం లేచి ఉండాలి. వీళ్ళకు ఏమీ కాదు. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఫోను మీద వేలితో ఒక నొక్కు నొక్కుతారు, అంతే, అతిథి అతిథి కాకుండా పోతాడు.

మొదట ఆక్లాండ్ నుంచి ఒక కొత్త పెళ్ళిజంట. వాళ్ళ కోసం రాళ్ళ పొయ్యి వెలిగించాం. రాళ్ళు ఎర్రగా కాలి, కొబ్బరిపాలు పోసిన చేమాకు పొట్లాలు వాటి మీద పేరుస్తుండగా ఫోను కూసింది. రావడం లేదట. పెళ్ళికూతురికి సముద్రపు గాలి పడదట. కాలిన రాళ్ళను ఏం చేస్తావు, చల్లారమని బతిమాలతావా? పొయ్యి నింపాల్సిందే, వండింది ఊరికి పంచాల్సిందే. పక్కింటి వాళ్ళు పొట్లాలు విప్పుతూ, "ఇవాళ కూడా మీ అతిథులం మేమేనా మాసినా?" అన్నారు. మీ అమ్మ నవ్వలేదు.

తర్వాత క్రైస్ట్‌చర్చ్ ఆడవాళ్ళు. వాళ్ళ ఫోనులో మన ఊరి మీద మబ్బు బొమ్మ కనబడిందట. ఇక్కడేమో ఎండ నడినెత్తిన మాడ్చేస్తోంది. మీ అమ్మ ఉతికి ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి ఫోను నా ముందు పెట్టింది.

"ఏం రాయమంటావత్తా?"

"మీ మబ్బు మీ దగ్గరే ఉంచుకోండి, మాకు ఎండ చాలు అని రాయి."

పళ్ళు కొరుక్కుంటూ, "ఫరవాలేదు, మళ్ళీ ఎప్పుడైనా రండి" అని రాసింది. నాకు ఒళ్ళు మండింది.

"అలా రాయకపోతే మనకు మార్కులు తగ్గిస్తారత్తా."

"రాని వాళ్ళు కూడా మార్కులేస్తారా?"

మీ అమ్మ ఫోనును బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టేసింది. ఎవరూ పడుకోని దుప్పట్లకు కూడా ఇసుక పడుతుంది తల్లీ. మళ్ళీ అవే దుప్పట్లు, మళ్ళీ అదే ఉతుకుడు.

ఇదంతా మటాంగి బావగారు చూస్తూనే ఉన్నారు. మీ తాత అన్నగారు, మన కుటుంబానికి పెద్ద, ఈ నేల మీద ఆయన మాటే మాట. ఆయనకు కొత్త పడవ వచ్చింది, దాన్ని నిలపడానికి చోటు కావాలి. ఒక సాయంత్రం వచ్చి చేతికర్రతో గుడిసె స్తంభాన్ని తట్టారు.

"ఇందులో ఎవరు పడుకుంటున్నారు మాసినా, ఎండ్రకాయలా?"

"వస్తారు పెద్దమావయ్యా, మనుషులే వస్తారు."

"ఏం వస్తారో. తెల్ల ఆదివారం నాడు ఊరంతా ఈ దారినే చర్చికి నడుస్తుంది. ఆ రోజు కూడా ఇవి ఇలాగే ఖాళీగా తెరలు కొట్టుకుంటూ నిలబడితే నాకు తలవంపులు. సోమవారం పొద్దున్నే పీకించేస్తా. నా పడవకు చోటవుతుంది."

ఆయన అన్నారంటే చేస్తారు. ఆ రాత్రి మీ అమ్మ ముద్ద ముట్టలేదు.

ఇంతలో దేవుడు పంపినట్టు పక్క దీవిలోని పాంగో పాంగో నుంచి ఒకావిడ ఫోను చేసింది. పేరు ఫువాటినో. వాళ్ళమ్మ పుట్టింది మన ఊళ్ళోనే. తెల్ల ఆదివారం పిల్లల పండగ కదా, ఆ రోజు తన పిల్లలు మన చర్చిలో తెల్లబట్టలతో నిలబడి వాక్యాలు అప్పజెప్పాలని ఆవిడ కోరిక. "శనివారం వచ్చేస్తాం, నాలుగు గుడిసెలూ మాకే ఉంచు" అంది. మీ అమ్మ ముఖం వెలిగింది. ఆ వారాంతానికి ఇంకెవరు అడిగినా ఖాళీ లేదు పొమ్మంది.

శనివారం వచ్చింది. తెరలు దులిపాం, పరుపుల మీద పూలు పెట్టాం. మీ నాన్న విమానాల దగ్గరికి బండి తీసుకెళ్ళి, ఎంతసేపో నిలబడి, ఖాళీ బండితో తిరిగొచ్చాడు. మీ అమ్మ ఫోను చేసింది. అటు ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. సాయంత్రం ప్రార్థన గంట కొట్టేశారు. ఆవిడ రాలేదు, రాననీ చెప్పలేదు.

"ముందు వాళ్ళు నయం కదత్తా, రామని ఒక మాటైనా చెప్పారు. ఎంతమందికి ఫరవాలేదని రాయను? నా చేతికి కూడా ఒక నొక్కు ఉంది." ఫోను అందుకుని, "మీ గుడిసెలు రద్దు చేశాను. ఇక రావద్దు" అని రాసి పంపేసింది. ఆ ఫోను కొన్న నాటి నుంచి తను ఒకరిని రద్దు చేయడం అదే మొదలు.

మర్నాడు పొద్దున పిల్లలంతా తెల్లబట్టల్లో కొంగల్లా నడిచి చర్చికి వెళ్ళారు. దారి పక్కన నాలుగు గుడిసెలూ ఖాళీ. గాలికి తెరలు టపటపా కొట్టుకుంటున్నాయి. బావగారు మా వెనకాలే నడుస్తూ ఒక్క మాటన్నారు. "సోమవారం."

చర్చి అయ్యింది. పిల్లలకు ముందు వడ్డించాలి కదా ఆ రోజు, మేం ఆకులు పరుస్తున్నాం. అప్పుడు ఒక బండి వచ్చి ఆగింది. నిండా పిల్లలు, మడత నలగని తెల్లబట్టలు. ముందు సీటులోంచి ఒక భారీ మనిషి దిగింది, చేతిలో ఫోను.

"మాసినా అంటే ఎవరు?"

"నేనే."

"శనివారం వస్తానన్నాను. శనివారం విమానం ఎక్కాను. అరగంట కూర్చుని దిగేసరికి నన్ను రద్దు చేశావా?"

"ఇవాళ ఆదివారం కదమ్మా."

"మా ఊళ్ళో శనివారం."

 ఒకప్పుడు మనకూ వాళ్ళకూ ఒకటే రోజు తల్లీ. తర్వాత మన ప్రభుత్వం వాళ్ళు మన రోజును తేదీ మారే గీతకు అటు నుంచి ఇటు జరిపారు. గురువారం పడుకున్నాం, లేచేసరికి శనివారం. ఆ శుక్రవారం ఏమైందో నాకిప్పటికీ తెలియదు. అప్పటి నుంచి పక్కనే ఉన్న పాంగో పాంగో మనకు ఒక రోజు వెనక. ఈ సంగతి ఎవరికి తెలియదు? అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన దాన్ని ఎవరూ అడగరు. ఆవిడ అడగలేదు, మీ అమ్మా అడగలేదు. మేం ఎదురుచూసిన రోజు ఆవిడకు ఇంకా శుక్రవారమే. ఫోను ఇంట్లో పడేసి పిల్లలకు పాటలు నేర్పుకుంటోంది.

"నా పిల్లల తెల్ల ఆదివారం పోయింది. దాని మీద నీ రద్దు ఒకటి. బండి తిప్పవయ్యా, అపియా పట్నంలో హోటళ్ళు లేవా?" అని ఫువాటినో మళ్ళీ ఎక్కేసింది.

మీ అమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. నా పరుపు ఎత్తి, కింద దాచిన సన్నచాప లాగింది, పెళ్ళికీ చావుకీ తప్ప తీయనిది. బండి ముందు దారి మధ్యలో కూలబడి ఆ చాప తల మీద కప్పుకుంది. మనవాళ్ళు ప్రాణాలు పోయిన తగువులకు ఇంటిపెద్దను ముందు పెట్టుకుని, అవతలి వాళ్ళు క్షమించి చాప ఎత్తేదాకా అలా కూర్చుంటారు, గుడిసెల కోసం కూర్చున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. దారిన పోయే ఊరంతా ఆగిపోయింది.

ఫువాటినో బండిలోంచి తల బయటపెట్టింది. "కోడలిని కూర్చోబెట్టి చూస్తున్నారా? ఈ ఇంటికి పెద్ద లేడా?"

ఊరి కళ్ళన్నీ మటాంగి బావగారి మీదికి తిరిగాయి. ఆయన ఆకాశం చూశారు, సముద్రం చూశారు, చేతికర్ర చూసుకున్నారు.

"చాప పెద్దదే బావగారూ, ఇద్దరికి సరిపోతుంది" అన్నాను.

వచ్చారు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు, తల లోపలికి దూర్చారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి లోపలి మాటలు వినబడ్డాయి.

"నా పరువు నీ గుడిసెల పాలయింది కదే."

"కాస్త జరగండి పెద్దమావయ్యా, వీపు కాలిపోతోంది."

ఎండ దంచుతోంది. ఫువాటినో కదలదు. చాప లోపల ముసలాయన దగ్గుతున్నారు. చివరికి ఆవిడ దిగి వచ్చి, ఒక్క చేత్తో చాప ఎత్తింది. "లేవండి పెద్దయ్యా. ఏ రోజని నేనూ అడగలేదు" అంది.

ఆవిడ పిల్లలు మన పిల్లల పక్కన కూర్చుని తిన్నారు. సాయంత్రం ఆరాధనలో పాస్టరుగారు వాళ్ళను ముందుకు పిలిచారు. చిన్నదయితే వాక్యం మరిచిపోయి వాళ్ళమ్మను చూసి ఏడ్చింది.

సోమవారం బావగారు గునపంతో రానే వచ్చారు. గుడిసెల నిండా పిల్లలు, స్తంభాల మీద తడి తువ్వాళ్ళు. మీ అమ్మ ఎదురు వెళ్ళింది.

"పీకండి పెద్దమావయ్యా. రేపు ఊళ్ళో అడుగుతారు, ఉంచని గుడిసెల కోసం మటాంగి ఎందుకు తల వంచాడని."

ఆయన గుడిసెల చుట్టూ ఒకసారి తిరిగారు. తర్వాత, "ఈ స్తంభం వదులైంది, ఎవడు నాటాడు దీన్ని" అని రొపాటిని తిట్టి, ఆ గునపంతోనే మొదట్లో రాళ్ళు దట్టించారు. పడవ తాడు దానికే కట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది, చూడు.

అతిథులు మారలేదు తల్లీ. నిన్న కూడా ఎవరో రామన్నారు, పిల్లికి బాగాలేదట. అందుకే ఆ ముఖం. కాకపోతే ఇప్పుడు మనిషి మలుపులో కనబడేదాకా రాళ్ళ కింద నిప్పు పెట్టదు. ఎవరు ఫోను చేసినా ముందు ఒకటే అడుగుతుంది, మీ శనివారమా, మా శనివారమా అని.

ఈ సంగతి గుర్తుంచుకో. నీకు పిల్లలు పుట్టాక వాళ్ళకూ చెప్పు. ఏది మరిచినా సరే, మటాంగి తాత చాప కింద అన్న మాట మాత్రం వదలకుండా చెప్పు.