సరస్సులో వ్యాను, ఓవెన్లో అట్టు

ఆదివారం పొద్దున తూలిక్కి లేచేసరికి పక్కన భర్త కలేవి లేడు. వాకిట్లో వ్యానూ లేదు. ఎక్కడికి పోయుంటాడో ఆమెకు తెలుసు. చేపలు పట్టడానికి చలికాలమంతా గడ్డకట్టిన సరస్సు మంచు మీద నిలబెట్టుకున్న చెక్కగుడిసెను ఒడ్డుకు లాక్కొస్తానని కొన్నాళ్లుగా అంటున్నాడు. ఏప్రిల్ వచ్చింది, ఇక మంచును నమ్మొద్దు, గుడిసె పోతే పోనీ అని ఆమె రాత్రి కూడా పోట్లాడింది. అతను తల ఊపాడు. కలేవి తల ఊపాడంటే వినలేదనే అర్థం.

ఆ కోపంతోనే పిండి కలిపింది. గుడ్లు, పాలు, మైదా, ఉప్పు, కాస్త యాలకుల పొడి. పిండి నానాక, ఓవెన్లో కాగిన ట్రేలో వెన్న చిటపటలాడుతుంటే అంతా ఒక్కసారే పోసి, పైన ఆపిల్ ముక్కలు, అడవిలో ఏరి ఫ్రీజర్లో దాచిన బ్లూబెర్రీలు చల్లింది. ఆ ఇంట్లో ఆదివారం పలహారం అదే. ఆకలేస్తే తనే వస్తాడు, వచ్చాక నాలుగు దులుపుదాం అనుకుంటూ ఓవెన్ తలుపు మూసింది.

అంతలో పక్కింటి రేయో లోపలికి వచ్చాడు. బూట్లు విప్పలేదు. ఆ ఇంట్లోకి ఎవరైనా బూట్లతో రావడం ఆమె ఎన్నడూ చూడలేదు. అతని కోటు ముందు భాగమంతా తడిసి ఉంది. టోపీ చేతుల్లో నలుపుతున్నాడు.

“కలేవి ఇంట్లో ఉన్నాడా?”

“లేడు. సరస్సు మీదికి పోయాడు. ఏం?”

“వ్యాను తీసుకెళ్లాడా?”

“లేకపోతే గుడిసెను వీపు మీద మోసుకొస్తాడా?”

రేయో నవ్వలేదు. “వ్యాను సరస్సులో ఉంది, తూలిక్కీ.”

“సరస్సు మీద.”

“మీద కాదు. లోపల. పైకప్పు ఒక్కటే కనబడుతోంది. మంచులో పడ్డ బొక్క అంచుదాకా పాక్కుంటూ పోయాను. అరిచాను. పలకలేదు. ఫైరింజన్ వాళ్లకి ఫోన్ చేశాను, వస్తున్నారు.”

ఒక్కొక్క మాటా ఆమెకు అర్థమైంది. అన్నీ కలిపితే మాత్రం అర్థం కాలేదు. వెనక్కి తిరిగి, ఓవెన్ అద్దం ముందు నేల మీద చతికిలబడింది. లోపల అట్టు అంచులు లేస్తున్నాయి. మధ్యలో ఒకచోట పిండి గుమ్మటంలా ఉబ్బి, బ్లూబెర్రీ రసం దాని మీదుగా జారుతోంది.

“అది ఆపెయ్. ఒడ్డుకి పోదాం పద.”

“ఇప్పుడు తలుపు తీస్తే కుంగిపోతుంది.”

“నేను చెప్పింది విన్నావా అసలు?”

“విన్నాను. ఇంకా రంగు రాలేదు.”

ఆమెను లేవదీయాలో, వదిలేసి తానొక్కడే పోవాలో తోచక రేయో కుర్చీలో కూలబడ్డాడు. రంగు వచ్చాక ఆమె ట్రే బయటికి తీసింది. ముక్కలు కోసింది. మూడు పళ్లేలలో పెట్టి, ఒకటి రేయో ముందుకు జరిపింది. అతను ఏం చేస్తున్నాడో తెలియకుండానే ముక్క నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలినందుకో, కలేవి కోసమో అతనికే తెలియలేదు.

కలేవి పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక, దాన్ని పట్టుకునే తూలిక్కి కిటికీ దగ్గర నిలబడిపోయింది. కింద, ఒడ్డునున్న తమ సౌనా, ఆవిరి స్నానాల గది, గొట్టంలోంచి పొగ లేస్తోంది.

“సౌనా పొయ్యి ఎవరు ముట్టించారు?” అంది.

రేయో లేచి వచ్చి చూశాడు. “నేనైతే కాదు.”

పళ్లెం నేల మీద పగిలిన చప్పుడు రేయోకే వినబడింది. ఆమె అప్పటికే ఉన్ని మేజోళ్లతో బురద మంచులో పరుగెడుతోంది.

సౌనా తలుపు తీస్తే కలేవి. ఉన్న తువాళ్లన్నీ చుట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. పెదాలు నల్లబడ్డాయి, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ప్యాంటూ స్వెట్టరూ పొయ్యి పైన తీగ మీద నీళ్లోడుతున్నాయి. ఆమెను చూసి ఒదిగి గోడకు చేరాడు.

“వ్యానులోంచి బయటపడి, ఒడ్డున రెల్లు వెంట నడిచొచ్చాను,” అన్నాడు. “బట్టలు ఆరాక వద్దామని. నీకు తెలియకుండా…”

“తెలియకుండా.” ఆ గొంతు ఆమెదిలా లేదు. “ఇంతసేపూ నేను విధవని, కలేవి. విధవనై కూర్చుని రేయోకి పలహారం పెడుతున్నాను.”

రొప్పుతూ వెనకాలే వచ్చిన రేయో, లోపలికి తొంగి చూసి, గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు.

“ఒరే దరిద్రుడా,” అన్నాడు. “నీ కోసం ఆ మంచు మీద పొట్టతో పాకానురా.”

ఫైరింజన్ వాళ్లు వచ్చి, గడ్డకట్టిన ఒంటికి ఒక్కసారిగా వేడి తగిలితే గుండె ఆగిపోతుందని కలేవిని తిట్టి, దుప్పట్లలో చుట్టి అంబులెన్సు ఎక్కించారు. వ్యాను సంగతి చూడ్డానికి ఆగినవాళ్లకి రేయో ట్రేలో మిగిలిన అట్టంతా పంచిపెట్టాడు.

అంబులెన్సులో తూలిక్కి అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. సగం దారిలో అడిగింది.

“ఇంట్లోకి ఎందుకు రాలేదు?”

“తిడతావని.”

“మునిగిపోతున్నప్పుడు కూడా అదే అనుకున్నావా?”

కలేవి ఆలోచించాడు. “లేదు. అప్పుడు నీ భయం లేదు. బయటపడ్డాకే వచ్చింది.”

ఆమె ఆ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. నాడి చూడ్డానికి ఆ చెయ్యి కాస్త ఇమ్మని నర్సు అడిగింది. తూలిక్కి వదల్లేదు. నర్సు అవతలి చెయ్యి పట్టుకుని చూసుకుంది.