జంటలాట లేని ప్రాక్టీసు

పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడమంటే బంతి విసిరేసి ఈల ఊదడమే అనుకునేవాళ్లకు ఓ దండం! టైలర్ మాస్టారు అలాంటి మనిషి కాదు. గుడ్డ కత్తిరించే ముందు కొలతలు రాసుకున్నట్టే, గంట ప్రాక్టీసునూ నిమిషాలతో సహా నోటుబుక్కులో రాసుకునేవాడు. పది నిమిషాలు ముట్టుకునే ఆట, ఇరవై నిమిషాలు జంటలుగా పాసులు, ఆఖర్న మ్యాచ్. పద్నాలుగు మంది ఆడపిల్లలు, ఏడు జంటలు. వాళ్లలో ఒకతె ఆయన కూతురే. ఆమె జంట పక్కవీధి పిల్ల. గింజంత ఉంటుందని అందరూ పిచ్చుక అనేవారు.

వానల్లో జ్వరం తగిలి నాలుగు రోజుల్లో కూతురు పోయింది.

నెల తర్వాత మాస్టారు మళ్లీ గ్రౌండ్‌కు వెళ్లాడు. వెళ్లాడన్న మాటే గానీ, జంటలాట రాయడానికి చెయ్యి రాలేదు. జంటలు చేస్తే ఒకరు మిగులుతారు. ఆ మిగిలేది ఎవరో ఆయనకు తెలుసు. అందుకని గ్రౌండ్ చుట్టూ పరుగులు, అయ్యాక మళ్లీ పరుగులు. పిల్లల మొహాలు వాడిపోయాయి. ఒకర్ని చూసి ఒకరు, రెండు జంటలు మానేశాయి.

"ఉత్తి పరుగులకైతే మీరెందుకు మాస్టారూ, మా వీధి కుక్క చాలు!" అంది మానేసిన పిల్ల తల్లి ఒకామె.

మిగిలింది తొమ్మిది మంది. ఈ జట్టు కూడా చెదిరిపోతే, కూతురు కేరింతలు కొట్టిన చోటు ఇక ఉండదు. అది తెలిసీ ఏమీ చేయలేకపోయాడు.

ఓ మధ్యాహ్నం కుట్టుమిషన్ మీదే బుక్కు తెరిచి "పరుగులు" అని రాస్తుంటే, గుండీలు కుడుతున్న భార్య తలెత్తి చూసింది.

"మళ్లీ పరుగులేనా? పిల్లల్ని పరిగెత్తించి మీరెక్కడికి పారిపోదామనండీ?"

ఆయన రాసిన మాట కింద గీత గీశాడు.

"పొద్దున పిచ్చుక వచ్చింది. 'అత్తా, మామయ్యకి నామీద కోపమా? నావైపే చూడట్లేదు' అంది. దానికి నేనేం చెప్పను?"

మాస్టారు పెన్ను ఆపాడు. తన ఏడుపేదో తను ఏడుస్తున్నాననుకున్నాడే గానీ, దాన్ని ఆ పసిదాని నెత్తిన రుద్దుతున్నానని తట్టనేలేదు. "పరుగులు" కొట్టేసి "జంటలు" అని రాశాడు.

సాయంత్రం నాలుగు జంటలు చకచకా నిలబడ్డాయి. పిచ్చుక మాత్రం కాలికింద బంతి పెట్టుకుని, తల వంచుకుని ఒక్కతే ఉంది. మాస్టారు వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"కొట్టమ్మా."

కొట్టింది. బంతి సూటిగా ఆయన ఎడమకాలి మీదికి వచ్చింది. అటువైపు అలవాటు లేక అందుకోలేకపోయాడు. అది కంచె దాకా దొర్లిపోయింది. కూతురిది ఎడమకాలి వాటం.

"సారీ మామయ్యా..." అంది పిల్ల. "అలవాటైపోయింది. ఇకనుంచి కుడికాలికే ఇస్తాలే."

మాస్టారు బంతి తెచ్చి ఆమె పాదాల దగ్గర పెట్టాడు. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"వద్దు తల్లీ, అటే ఇవ్వు. ఎడమకాలితో ఆడటం నేను నేర్చుకుంటాను."