నిద్ర మహారాజు అక్క

మాజీ సైనికుల సహాయ కేంద్రంలో మూడో ఫోను దగ్గర కూర్చునే ఆవిడది జాలిగుండె అని అందరూ చెప్పుకునేవారు. జాలీ లేదు, గీలీ లేదు. ఆమె చేరింది పగతో. తమ్ముడి పటాలంలో రిటైరైన వాళ్లెవరికి కష్టమొచ్చినా ఈ నంబరుకే చెయ్యాలి. అక్కడ రిటైరైన మేజరు కూడా ఏదో ఒకనాడు చెయ్యకపోతాడా అని మూడేళ్లుగా కాచుకుని ఉంది.

ఆ పటాలంలో రోజూ పొద్దున్నే జవాన్లను వరసలో నిలబెట్టి, "ఎవరికైనా ఇబ్బందా?" అని మేజరు అరిచేవాడు. "లేదు సార్!" అని అంతకన్నా గట్టిగా అరవాలి. తమ్ముడు వెర్రిబాగులవాడు, నిజంగానే అడుగుతున్నారనుకున్నాడు. నిద్ర పట్టడం లేదన్నాడు. మేజరు వాణ్ణి ముందుకు పిలిచి, "నిద్ర మహారాజుగారికి జోలపాడండిరా" అన్నాడు. వరసంతా పగలబడి నవ్వింది. పదిరోజులకు తమ్ముడు ప్రాణం తీసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"నిద్ర... నిద్ర పట్టడం లేదమ్మా."

తమ్ముడి శవం పక్కన నిలబడి "పిరికివాడు" అన్న మేజరు గొంతు అది. ఆమెకు ఒళ్లు భగ్గున మండింది.

"ఏం లేదులే, బాగానే ఉన్నాను. పెట్టేస్తున్నా," అన్నాడాయన.

నోరు మూసుకుంటే చాలు, పగ తీరిపోతుంది. కానీ తమ్ముడు కూడా ఆఖరి ఫోనులో బాగానే ఉన్నానన్నాడు. ఆమె నమ్మింది. ఆ మాటను రెండోసారి నమ్మడం ఆమెకు చేతకాలేదు.

"ఆగండి. చచ్చిపోదామనుకుంటున్నారా?"

"అవును," అన్నాడు.

"ఇంట్లో తుపాకీ ఉందా?"

"బీరువాలో ఉంది."

"బీరువా తాళంచెవి పక్కింటివాళ్లకి ఇచ్చి రండి. ఫోను పెట్టకండి, నేనిక్కడే ఉంటా."

కేంద్రం మనుషులు ఆయన ఇల్లు చేరేదాకా పళ్లు బిగబట్టి మాట్లాడుతూనే ఉంది.

మూడు నెలలకు కోలుకుని, దండం పెట్టడానికి వచ్చాడు. "మీ రుణం ఎలా తీర్చుకోనమ్మా?"

"నేను నిద్ర మహారాజు అక్కని."

మేజరు జోడించిన చేతులు దించేశాడు.

"మిమ్మల్ని చావనిచ్చి, అంత తేలిగ్గా వదిలేస్తాననుకున్నారా? గురువారం ఇక్కడ కొత్త ఆఫీసర్లకి క్లాసు. మావాడేమన్నాడో, మీరేమన్నారో వాళ్లముందు నిలబడి చెప్పండి."

"నావల్ల కాదు."

"మీ డాక్టరుగారిని అడిగాను, అవుతుందన్నారు. పక్కనే నేనుంటాను."

గురువారం వచ్చాడు, చెప్పాడు. జోలపాట మాట మాత్రం తల దించుకుని గొణిగాడు. ముప్ఫైమందిలో ఒక్కడూ నవ్వలేదు.

"ఇంకోసారి చెప్పండి సార్," అందామె. "వెనక వరసకి వినపడలేదు."