పెద్దమ్మను పాట లేకుండా పంపాం

మా పెద్దమ్మ కొడుకు లికూర్గోస్ పారిస్‌లో పేరున్న కవి. రాసేదంతా ఫ్రెంచిలోనే. గ్రీసులో మా మానీ కొండల్లో ఆ భాష వచ్చినవాడు ఒక్కడూ లేడు కాబట్టి అతను గొప్పవాడని అందరూ నమ్మారు. గ్రీకులో ఎందుకు రాయవని ఒకసారి అడిగితే, ఇంటి భాషలో రాయబోతే గొంతు పట్టేస్తుందన్నాడు. పట్టేసి అక్కడితో ఆగినా బాగుండేది.

అతని అక్క కనెల్లాకు చదువు రాదు. కానీ చావింట్లో ఆమె గొంతెత్తిందంటే కాఫీ కొట్టులో మగాళ్ళు పేకముక్కలు కింద పెట్టేసేవాళ్ళు. మా దగ్గర శవం చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, పోయిన మనిషి మీద అప్పటికప్పుడు పాట కట్టి ఏడవాలి. పాట లేకుండా మట్టిలోకి వెళితే అది కుక్కచావే. కనెల్లా కూతురు అర్గిరో చిన్నతనంలోనే జ్వరంతో పోయింది. ఆ వేసవిలో లికూర్గోస్ ఇక్కడే ఉన్నాడు, బయట మెట్ల మీద కూర్చుని అక్క పాట విన్నాడు. "నీ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయే తల్లీ, ఏ రాళ్ళ మీద నడిచి పోయావే" అని పాడింది. నేను ఆమె పక్కనే ఉన్నాను.

కొన్నాళ్ళకు ఏథెన్స్ పత్రికలో, పారిస్‌లో వెలుగుతున్న మనవాడి కవిత అంటూ ఎవరో గ్రీకులోకి మార్చి వేశారు. బడి పంతులు దాన్ని కాఫీ కొట్టులో చదివి వినిపించాడు. గుమ్మం అదే, చెప్పులు అవే, రాళ్ళు మాత్రం నక్షత్రాలయ్యాయి. కనెల్లా మొగుడు ఇంటికొచ్చి, మీ తమ్ముడు మన పిల్లను ఎంత బాగా ఏడ్చాడే అన్నాడు. ఆ మాట పాడిన మనిషి మొహానే అన్నాడు. తరువాత ఆమె కూతురి సమాధి దగ్గర అదే పాట ఎత్తుకుంటే, తమ్ముడి పత్రిక చూసి నేర్చుకుందని పడుచుపిల్లలు గుసగుసలాడారు. అప్పటి నుంచి కనెల్లా కూతురికి పాడటం మానేసింది.

పెద్దమ్మకు ఉన్నది ఒకటే కోరిక, కూతురి గొంతు తనను సాగనంపాలని. పోయేముందు కూడా అదే అడిగింది, కనెల్లా మాటిచ్చింది. ఏథెన్స్‌లో ఏదో సన్మానానికి వచ్చి ఉన్న లికూర్గోస్ కబురు అందగానే పడవెక్కి వచ్చాడు. కనెల్లా తల్లి తలవైపు కూర్చుని జుట్టు విప్పి మొదటి రాగం తీసింది. గుమ్మంలో తమ్ముడు కళ్ళు మూసుకుని, పెదవులతో ఆ రాగాన్నే వల్లె వేసుకుంటున్నాడు. ఆమె ఠక్కున ఆగిపోయింది.

"నువ్వు బయటికి పోరా. నువ్వు పోతే పాడతాను."

"అమ్మ నాకూ అమ్మేగా అక్కా. అయినా నేను రాయకపోతే నీ పాట ఈ కొండ దాటేదా? లోకం వినేదా?"

"లోకానికి ఎవరు పాడార్రా? నేను నా పిల్లకి పాడుకున్నాను."

నేనే వెళ్ళి, కాసేపు సముద్రం దాకా నడిచిరా నాయనా అని బతిమాలాను. కన్నకొడుకు గుమ్మంలో లేకపోతే ఊరేమనుకుంటుందన్నాడు. అంతలోనే, ఇలాంటి పాట మళ్ళీ వినే రాత ఉందో లేదో అని నోరు జారాడు. ఆడవాళ్ళంతా కనెల్లా గడ్డం పట్టుకుని బతిమాలారు. అతన్ని పొమ్మన్నవాళ్ళు మాత్రం నేను తప్ప ఎవరూ లేరు, గొప్పవాడు కదా మరి. కూతురు నోరు విప్పకుండా ఇంకొకరు పాట ఎత్తకూడదు. చర్చి పూజారి వచ్చేదాకా ఆమె తల్లి బుగ్గలు నిమురుతూనే ఉంది, అతను గుమ్మం వదల్లేదు. పెద్దమ్మను పాట లేకుండానే తీసుకెళ్ళారు.

మరుసటి ఏడు బడి పంతులు ఇంకో పత్రిక తెచ్చాడు. పాట లేకుండా మట్టిలో కలిసిన తల్లి మీద కవిత. దుఃఖంతో గొంతు పూడుకుపోయిన అక్క కూడా ఉంది అందులో. పారిస్‌లో చదివినవాళ్ళంతా కన్నీళ్ళు పెట్టుకున్నారట.

కనెల్లా ఆలివ్ కాయలకు ఉప్పు పట్టిస్తోంది. నేను వెళ్ళి చెప్పాను. చేతులు ఆపకుండానే, "నోరు మూసుకున్నా పట్టుకుపోయాడన్నమాట," అంది.