గాలి పీల్చి ఆపమ్మా

సుకుమారి స్పిరిట్ అద్దిన దూదితో ఎక్స్‌రే పలకను తుడిచింది. ఇందాకటి మనిషి గడ్డం ఆనిన చోట చెమట, దాని కింద రాతిపొడితో సన్నటి గీత. రెండూ పోయేదాకా తుడిచి, దూదిని డబ్బాలో వేసి, తెర పక్కకు జరిపింది.

"ఇగ రా అమ్మా."

లక్డారం గుట్ట కింద క్రషర్ ముందు ఎక్స్‌రే వ్యాను ఆగి ఉంది. లోపల పట్టేది ముగ్గురే. కంప్యూటర్ దగ్గర ప్రవీణ్‌కుమార్, పలక ముందు నిలబడే మనిషి, ఆ మనిషిని సరిగ్గా నిలబెట్టే సుకుమారి. ఆమెకు యాభై దాటాయి. పొట్టి మనిషి. అరచేతులు వెడల్పు, వేళ్లు గరుకు. జడలు పైకెత్తి ముడివేయడం, పిన్నీసులు తీయించడం, భుజాలు పట్టుకుని ముందుకు వంచడం ఆమె పని.

పుస్తెలతాడు దగ్గరే చిక్కు. మెడలో ఉంటే ఫోటోలో ఊపిరితిత్తుల మీద అడ్డంగా పడుతుంది. తీయమంటే ఆడవాళ్లు తీయరు. తీసినా, భర్త పోయిన మనిషి చేతిలో పెట్టడానికి జంకుతారు. అందుకు సుకుమారి నొచ్చుకోవడం ఎప్పుడో మానేసింది.

"నా చేతికియ్యకు బిడ్డా. నీ మణికట్టుకే చుట్టుకో. నీ పెయ్యి మీదనే ఉంటది, ఫోటోల పడది" అంటుంది.

ఆ మాటతో వాళ్ల ముఖాల్లో బిగువు సడలుతుంది. అది చూడడం ఆమెకు ఇష్టం.

మధ్యాహ్నానికి క్రషర్ కూలీలందరూ అయిపోయారు, ఒక్క పుష్పమ్మ తప్ప. కంకర కుప్ప అవతల, ఆగి ఉన్న టిప్పర్ నీడలో కూర్చుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని దగ్గుతోంది. ముప్పై ఐదేళ్లుంటాయేమో. సుకుమారి టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి పక్కన కూర్చుంది. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం.

"తింటవా?"

"తిన్న."

"అందరు ఫోటో తీయించుకున్నరు. నువ్వొక్కదానివే రాలే."

పుష్పమ్మ నేల మీద కంకర రాయిని అటూ ఇటూ దొర్లించింది. "మచ్చ గిట్ల కనబడితే రేపటికెల్లి పనికి రావద్దంటరక్కా. నాకెందుకు ఆ పరేషాన్."

"ఎన్నొద్దుల సంది దగ్గు?"

"బోనాలప్పటి సంది. దుమ్ముకే. పోతది."

సుకుమారి చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగింది. బర్నబా కూడా ఇదే మాట అనేవాడు. పటాన్‌చెరులో ఇనుము పోతపోసే షెడ్డులో ఇసుక అచ్చులు పగలగొట్టేవాడు ఆమె భర్త. సుకుమారి అప్పుడు ఆసుపత్రి చీకటిగదిలో ఫిల్ములు కడిగేది. ఊరందరి ఊపిరితిత్తులూ ఆమె చేతుల మీదుగా తీగలకు ఆరేవి. ఇంట్లో మనిషి మాత్రం "ఇసుక దుమ్మే, పోతది" అంటూ ఆసుపత్రి గడప తొక్కలేదు. తొక్కిన రోజున, ఎర్రలైటు కింద అతని ఫిల్మును నీళ్లలో పట్టుకున్నది ఆమే. నల్లగా ఉండాల్సిన చోటంతా తెల్లగా తేలింది. దాన్ని కూడా అందరివాటిలాగే శుభ్రంగా కడిగి, క్లిప్పుకు తగిలించి, అప్పుడు నేల మీద కూలబడింది.

అప్పటికి చిన్నపిల్ల అయిన కూతురు జెన్నిఫర్ ఇప్పుడు సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీలో సిరంజీలు ప్యాక్ చేస్తోంది. డ్యూటీకి పోతూ తల్లికి రొట్టెలు కాల్చి డబ్బాలో పెడుతుంది. ఆదివారం ఇద్దరూ కలిసి చర్చికి నడిచిపోతారు. తనకేదో తక్కువైందని సుకుమారి ఎవరితోనూ అనదు.

"మచ్చ ఉంటే ఫోటో తియ్యకున్నా ఉంటదమ్మా" అంది. "ఫోటో దాన్ని పుట్టియ్యది. చూపిస్తది, గంతే. చిన్నగున్నప్పుడు దొరికితే మందుకు లొంగుతది."

"లొంగకుంటే?"

"నేను అబద్ధం చెప్ప. రాతిదుమ్ము పట్టిందైతే పోదు. కానీ దుమ్ముల కెల్లి బయటపడితే జెర నెమ్మదిస్తది. మా ఆయన గీ మాట వినలే."

పుష్పమ్మ గిరగిరా తిరుగుతున్న క్రషర్ చక్రం వైపు చూసింది. తర్వాత చెయ్యి చాచి రొట్టె ముక్క తుంచుకుంది. నములుతూనే లేచింది.

వ్యానులో సుకుమారి ఆమె భుజాలు పట్టుకుంది. చర్మం కింద ఎముకలు చేతికి తగిలాయి.

"భుజాలు ముందుకు. గడ్డం పైకి. గాలి పీల్చి ఆపమ్మా."

సీసపు అడ్డు వెనక్కి వెళ్లి, తనకు తెలియకుండానే ఆమె కూడా ఊపిరి ఆపింది. దగ్గు రాకముందే యంత్రం టిక్కుమంది.

కంప్యూటర్ తెర మీద, కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక మచ్చ చుట్టూ పసుపు గీత పడింది. ప్రవీణ్‌కుమార్ బొమ్మను డాక్టరుకు పంపి, ఫోన్లో మాట్లాడి, ఇటు తిరిగాడు.

"చాలా చిన్నదక్కా. టీబీ కావచ్చంటున్నరు సారు. తెమడ పరీక్ష చేస్తే తెలుస్తదంట. ఇయ్యాలనే సంగారెడ్డి దవాఖానకు తోల్కరమ్మన్నరు. ఏదైనా సరే, క్రషర్ పని మాత్రం ఇగ వద్దంట."

పుష్పమ్మ మణికట్టు నుంచి తాడు విప్పి మెడలో వేసుకుంటూ సుకుమారి ముఖంలోకి చూసింది.

"నవ్వుతున్నవేందక్కా?"

"చిన్నగున్నదని."

పుష్పమ్మకు నవ్వు రాలేదు. కానీ గట్టిగా ఊపిరి వదిలింది. టిప్పర్ మీద లోడుకు పోయిన భర్తకు ఫోన్ చేసి, కాసేపు విని, కాసేపు చెప్పి, పెట్టేసింది.

"పొమ్మన్నడు. మా అక్క బొంతపల్లిల కూరగాయలు పండిస్తది. ఎప్పటికెల్లో రమ్మంటున్నది. దవాఖాన పనైనంక గాడికే పోత."

సుకుమారి ఆమెకు కొత్త మాస్కు కట్టి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, అద్దాలన్నీ తెరిచింది. వ్యాను కదిలింది. గాలి చల్లగా తగిలింది. తన డబ్బాలో ఇంకో రొట్టె మిగిలి ఉందని సుకుమారి ఆనందంగా గుర్తు చేసుకుంది.

గేటు దాటుతుండగా పుష్పమ్మ వెనక్కి తిరిగింది.

"అయ్యో, మూతికి కట్టుకునే తువ్వాల మరిచిన."

"ఆపమంటవా?"

పుష్పమ్మ ఆలోచించింది.

"వద్దక్కా. ఉండనీ."

గేటు పక్క రేకుల షెడ్డు మేకుకు అది వేలాడుతోంది. ఒకప్పుడు ఏ రంగుదో తెలియకుండా రాతిరంగు తిరిగిపోయిన తువ్వాల. ముక్కూ నోరూ ఆనిన చోట మాత్రం, అరచేయంత తడి ఇంకా ఆరలేదు.