ఏ లోపమూ లేని మోకాలు

మైదానంలో అందరూ ఆమెను జింక అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది నాన్న. కోచ్ కూడా ఆయనే. రెండు నెలలుగా ఆ జింక కుంటుతోంది. ఎక్కడ నొప్పి అంటే ఒకరోజు మోకాలి చిప్ప కింద చూపిస్తుంది, ఇంకోరోజు పక్కన. నిజానికి నొప్పే లేదు. పరుగంటే మొహం మొత్తి చాలాకాలమైంది. ఆ మాట నాన్నతో అనే ధైర్యం చాలక నెపమంతా మోకాలి మీదికి నెట్టింది.

సొంత పిన్ని స్కానింగ్ డాక్టరు. "ఎమ్మారై తీస్తే ఇట్టే తేలిపోతుంది, తీసుకురా బావా," అంది. దాంతో జింకకు పారిపోయే దారి మూసుకుపోయింది.

బల్ల మీద పడుకోబెట్టి, మోకాలిని గట్టి ప్లాస్టిక్ తొడుగులో బిగించి, సందుల్లో మెత్తలు కుక్కారు. బల్ల ఆమెను నడుము దాకా యంత్రంలోకి తోసింది.

"కదిలావంటే మళ్ళీ మొదటికొస్తుంది. భయమేస్తే ఇది నొక్కు," అని చేతిలో రబ్బరు బంతి పెట్టి పిన్ని తలుపేసుకుంది.

డబడబమని మోత. చెవులు మూసినా పళ్ళలోకి దిగుతోంది. ముక్కు దురద పెడుతోంది. బంతి నొక్కితే ఆపేస్తారు, సరే, ఆ తర్వాత ఏమని చెప్పాలి? ఎక్కడో ఒక చిన్న చిరుగు కనబడితే చాలు దేవుడా అనుకుంది.

"చూడు బావా," అంది పిన్ని, జింక బయటికొచ్చాక తెర ముందు కూర్చుని. "ఈ నల్లటి తాడు లిగమెంటు. పోగు కూడా తెగలేదు. ఎముకల మధ్య దిండ్లలాంటివి ఇవి, అంచులు చక్కగా ఉన్నాయి. పిల్లలకు పాఠం చెప్పడానికి దాచుకోవాల్సిన మోకాలు!"

నాన్న మొహం వెలిగిపోయింది. "అయితే రేపే మైదానంలోకి దిగొచ్చు!"

"నేను దిగను నాన్నా," అంది జింక. "నొప్పి ఎప్పుడూ లేదు. నాకు పరిగెత్తడం ఇష్టం లేదు."

ఆయన ఆమె వైపు చూడలేదు. "ఇంకోసారి తియ్యమ్మా," అన్నాడు మరదలితో.

"ఏం లేదు బావా."

"ఉంటుంది, సరిగ్గా చూడు. దెబ్బయితే బాగుచేయించుకుంటాం కదా!"

నాన్న బతిమాలడం జింక ఎన్నడూ వినలేదు. సరే, తీయించు అనబోయి నాలుక కరుచుకుంది.

"ఎన్నిసార్లు తీసినా ఇంతే నాన్నా."

బయట ఇంకో పేషెంటు ఎదురుచూస్తున్నారని పిన్ని మెల్లగా గుర్తుచేసేదాకా ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు.