చదవకుండా చేసిన సంతకం

జేసీబీ హుస్నా గోడను తోసినప్పుడు పక్కింటి అరుగు మీద లస్మవ్వ ఒడిలో బీడీల చాట ఉంది. నడుమెత్తు లేచిన గోడ. తొమ్మిది నెలలు పర్మిషన్ కోసం మున్సిపాలిటీ చుట్టూ తిరిగి, వానలు దగ్గరపడ్డాయని హుస్నా ఇక ఆగలేక కట్టుకున్న గోడ. ఒక్క తోపుకు కూలింది. గోడవారన బీడీలకు నానబెట్టిన తునికాకు గంప ఇటుకల కింద నలిగిపోయింది. చెన్నూరు వైపు ఆకు, మంచి ఆకు.

"పర్మిషన్ లేని ఇల్లు," అన్నాడు టౌన్ ప్లానింగ్ సారు, బండి దిగకుండానే.

"మీరియ్యకుంటే ఏడికెల్లి వస్తది సారూ?" హుస్నా జేసీబీకి అడ్డం పోయింది. "మూడుసార్లు అర్జి పెట్టుకున్న. మూడుసార్లు ఎనుకకు పంపిన్రు. గల్లీ ఎనుక గా సదానందం మూడంతస్తుల కాంప్లెక్సుకు పది దినాలల్ల ఎట్లిచ్చిన్రు?"

"నువ్వు బాట మీద కట్టినవ్. నేనంటలేను. మీ గల్లీ వాళ్లే రాసిచ్చిన్రు."

సారు ఫైలు తెరిచి చూపించాడు. వరసగా పది వేలిముద్రలు. అన్నిటికంటే పైన, 'మ' వత్తు కిందికి జారిపోయిన ఒక సంతకం.

హుస్నాకు చదువు రాదు. అది ఎవరిదో ఆమెకు తెలియలేదు. లస్మవ్వ మాత్రం అరుగు మీది నుంచే గుర్తుపట్టింది. గల్లీలో సంతకం చేసేది ఆమె ఒక్కతే.

మొగుడు మొండయ్య పోయాక, యాభై ఎనిమిదో ఏట, బీడీ కార్మికుల సంఘం షెడ్డులో రమ మేడం దగ్గర నేర్చుకున్న అక్షరాలవి. అవి రాకముందు లస్మవ్వ ఏ కాగితం మీదా ఊరికే వేలు పెట్టలేదు. కార్ఖానా కాగితమైనా, పింఛను కాగితమైనా "సదివి చెప్పు" అనేది. ఒకరు చదివితే నమ్మేది కాదు, ఇంకొకరిని పిలిచి మళ్లీ చదివించేది. గల్లీ ఆడవాళ్లందరికీ అదే రివాజు.

మురుగు పోయే మోరీ కట్టిస్తామని సదానందం కాగితం తెచ్చిన రోజు మాత్రం ఆమె అడగలేదు. "నీకేందవ్వా, సదువొచ్చినదానివి," అని అతను పెన్ను చేతికిచ్చాడు. చదువొచ్చిన మనిషి చదివి చెప్పమని ఎట్లా అడుగుతుంది? కూడబలుక్కుని చదివితే అరపూట పడుతుంది. అందరూ చూస్తున్నారని సిగ్గు. చదివినట్టు తల ఊపి సంతకం చేసింది. ఆమె చేసిందని మిగతావాళ్లు అడగకుండా వేళ్లు పెట్టారు.

సాయంత్రం హుస్నా ఇటుకలు ఏరుతుంటే లస్మవ్వ పోయి నాలుగు అందించింది.

"నువ్వన్న వచ్చినవ్ పెద్దవ్వా," అంది హుస్నా.

ఆ మాటకు బదులు చెంప మీద కొట్టినా బాగుండేది. లస్మవ్వ ఇంకో ఇటుక అందించి ఇంటికొచ్చింది.

మరునాడు సంఘం షెడ్డు కింద అందరూ కూడారు.

"ఎవతి రాసిచ్చింది? నేనైతే మోరీ కాగితానికే ఏలు పెట్టిన," అని భూమవ్వ లేచింది.

"మేమూ గదే."

"సారు ఫైలుల ఉన్నది గదే కాగితం," అంది లస్మవ్వ. "మోరీ కాగితం కాదు గది. నేను సదవలే. సదివినట్టు చేసిన. నన్ను చూసి మీరు పెట్టిన్రు. హుస్నా గోడ కూలగొట్టింది నేనే."

ఆకు కత్తిరిస్తున్న హుస్నా కత్తెర కింద పెట్టింది.

"నిన్న ఇటుకలు అందిచ్చినప్పుడు చెప్పకపోతివి?" అంది హుస్నా.

"నోరు రాలే బిడ్డా."

"నా పిల్లలు గోడ లేకుంట వట్టి తాడిపత్రి పట్టా కింద పన్నరు. నీకు నోరు రాలే."

ఆ తర్వాత హుస్నా ఆమె వైపు చూడలేదు.

"తిట్టుడు మల్ల తిడుదాం. ఫికర్ చెయ్యకు హుస్నా, నేను గూడ తిడుత," అంది భూమవ్వ. "ముందుగాల గా కాగితంల ఇంకేమున్నదో ఇనాలె. అందరం పోదాం."

తెల్లారి పక్క గల్లీల బీడీ కార్మికులూ కలిశారు. అరవై మంది చాటలతో పోయి మున్సిపాలిటీ మెట్ల మీద కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టారు. ప్లానింగ్ సారు బయటికొచ్చాడు.

"మా కాగితం మాకు సదివి చెప్పున్రి," అంది భూమవ్వ.

"నాకు టైం లేదు."

"అయితే ఇటియ్యి. నేనే సదువుత," అంది లస్మవ్వ.

సారు నవ్వి జిరాక్సు కాగితం విసిరాడు. లస్మవ్వ వేలు పెట్టి ఒక్కో అక్షరం పట్టుకుంది.

"స... సదరు... గల్లీ... లోని..."

అరవై గొంతులు ఆ మాటలనే తిరిగి పలికాయి.

"గీ లెక్కన పొద్దుగూకుతది!" అన్నాడు గేటు దగ్గరి గుమాస్తా.

"గూకనియ్. మా పని మా ఒళ్లెనే ఉన్నది," అంది భూమవ్వ.

ఎండ నడినెత్తికొచ్చేసరికి చివరి వాక్యం వచ్చింది. "పన్నెండు... ఇండ్లు... కాంప్లెక్సు బాట... కొరకు... తొలగించుటకు... మాకు... అభ్యంతరం... లేదు."

ఈసారి ఎవరూ తిరిగి పలకలేదు. హుస్నా ఇల్లు ఒక్కటే కాదు. గల్లీలో అందరివీ.

హుస్నా చాట పక్కన పెట్టి లేచింది. "ఉన్నది!" అని అరిచింది. "అభ్యంతరం ఉన్నది!"

"ఉన్నది!" అన్నాయి మెట్లన్నీ.

పోలీసులు వచ్చి ఇద్దరిని పట్టుకుపోయారు, చదివినామెను, అరిచినామెను. ఠాణాలో ఎస్సై ఒక కాగితం బల్ల మీద తోశాడు.

"మల్ల మున్సిపాలిటీ ముంగట కూసోము అని రాసిన. సంతకాలు పెట్టి ఇండ్లకు పోన్రి. లేకుంటే కేసు."

గోడ అవతల ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఎవరూ ఇంటికి పోలేదు. లస్మవ్వ పెన్ను తీసుకుంది. హుస్నా వైపు చూడడానికి ముఖం చెల్లలేదు.

నిన్నటి నుంచి ఆమెతో మాట్లాడని హుస్నా అప్పుడు నోరు విప్పింది.

"పెన్ను కింద పెట్టు. ముందుగాల సదువు. గోడ అవుతలికి ఇనబడాలె."

లస్మవ్వ పెన్ను పెట్టేసింది. కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టి, గట్టిగా పలికింది.

బయట ఆడవాళ్లంతా అందుకున్నారు.